ఆడుబిడ్డలు – ముష్టియుద్ధము



ఈ మాసమున ఊరగాయలను గూర్చియో, వ్రతములను గూర్చియో వ్రాయుదుమని మీరు తలచుచుందురు. మేమును అట్లే తలచి కాగితము ముందిడుకొంటిమి. ఇంతలో మా చిన్నమ్మాయి బడినుండి వచ్చి, సంచి మూలకు విసరి, "అమ్మా! నేను బాక్సింగు నేర్చుకొందును. రేపే పేరీయవలెను" అని పలికినది. దానికి పదునొకండేండ్లు. బడిలో వ్యాయామోపాధ్యాయుడు సాయంకాలములందు ముష్టియుద్ధము నేర్ప మొదలిడెనట, ఆడుపిల్లలును చేరవచ్చునట. మా అత్తగారు జపమాల ప్రక్కనుంచి, "ముక్కు పగులగొట్టుకొన్న పిల్లను ఎవరు చేసికొందురే?" అనిరి. మా యింటివారు ఉపాధ్యాయులు గావున బడిపిల్లల తగవులెన్నియో తీర్చుదురు. ఇంటి తగవు మాత్రము మాకే విడిచి, "నీవు విచారించి చెప్పుము" అని వార్తాపత్రిక చాటునకు బోయిరి.

విచారింపుమనిరి గనుక విచారించితిమి. మాకు తెలిసివచ్చినది మీకును చెప్పుచున్నాము.

మా చిన్నదానికి ఈ కోరిక పుట్టించినది నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్. ఆమె చిత్రము మా చిన్నదాని లెక్కల పుస్తకపు అట్టలోపల అంటించియున్నది. ఆ నిఖత్ పేరు మరల మరల వినబడిన తావొకటి కలదు. బల్గేరియా దేశపు రాజధాని సోఫియా నగరమున 1950వ సంవత్సరమునుండి "స్ట్రాంజా" పేర నొక ముష్టియుద్ధపు పోటీ జరుగుచు వచ్చినది. స్ట్రాంజా యనునది ఆ దేశమునకు ఆగ్నేయమున, తుర్కీ సరిహద్దు నొరసికొనియున్న పర్వతము. యూరపు ఖండమున ఇట్టి అంతర్జాతీయపు పోటీలలో ఇదియే మిక్కిలి పాతదని ప్రసిద్ధి. పలుదేశముల ఔత్సాహిక మల్లులు చలికాలమున అచ్చట చేరుదురు. పురుషులతో నారంభమైన యీ పోటీలో నేడు స్త్రీలును అదే బరిలో, అదే న్యాయనిర్ణేతల యెదుట తలపడుచున్నారు. ఒలింపిక్సులో పురుషుల ముష్టియుద్ధము 1904లోనే ప్రవేశింపగా, స్త్రీలకు 2012వ సంవత్సరపు లండను క్రీడలదాక ద్వారము తెరువబడలేదు. నూటయెనిమిది యేండ్ల యాలస్యమన్నమాట!

ఈ క్రీడ గ్రుడ్డిగా కొట్టుకొనుట యని మేము తలచుచుంటిమి. విధులు తెలిసికొన్నపుడు మా తలపు కొంత మారినది. పోటీనాటి యుదయమున మల్లులను త్రాసుపై నిలిపి బరువు చూతురు. ఏబది కిలోలదానికి ఏబది కిలోలదే జోడు. డెబ్బది కిలోలదానిని దానిమీదికి విడువరు. నాలుగు వరుసల త్రాళ్లతో కట్టిన చతురస్రపు బరిలో మూడేసి నిమిషముల విడతలు మూడు జరుగును; నడుమ ఒక్కొక్క నిమిషము విశ్రాంతి. నడుమునకు దిగువను, తలవెనుకను కొట్టరాదు, పడినదానిని కొట్టరాదు. బరిలో నిలిచిన మధ్యవర్తి "ఆగుము" అన్నచో ఎత్తిన చేయి దింపవలసినదే. బరి వెలుపల ఐదుగురు న్యాయనిర్ణేతలు వేర్వేరుగా గూర్చుండి, విడత గెలిచినవారికి పది, ఓడినవారికి తొమ్మిదియో అంతకు తక్కువయో అంకెలు వేయుదురు. నాలుగు–ఒకటి యని తీర్పు వచ్చినదన్న, నలుగురు ఒకరి పక్షమును, ఒకరు రెండవవారి పక్షమును చెప్పిరని యర్థము.

ఇది చదువుచుండగా మాకు భాగవతమునందలి దశమస్కంధము జ్ఞప్తికి వచ్చినది. బాల్యమున మా తండ్రిగారి యొద్ద చదువుకొన్న ఘట్టమది. కంసుని మల్లరంగమున కొండలవంటి చాణూరముష్టికుల యెదుట బాలురైన బలరామకృష్ణులు నిలిచినపుడు, ఇది సరిజోడు కాదని, ఇట్టి యధర్మమును చూచుచు గూర్చున్న సభకును పాపమంటునని వాపోయినవారెవరు? మథురాపురమందలి స్త్రీలే కదా! బరువునకు బరువు జోడుగా నుండవలెనను న్యాయము ఆ తల్లులకు ఆనాడే తోచినది. మల్లరంగము ఆడువారి యెరుకకు దూరమైనదని అనువారికి మేమిది చెప్పదలచితిమి.

ఇక నిఖత్ మాట. నలుగురు ఆడుపిల్లలలో నొకతె. తండ్రి తానును క్రీడాకారుడగుటచే బిడ్డను బరిలోనికి గొనిపోయెను. ముఖము వాచి యింటికి వచ్చిన బిడ్డను చూచి తల్లి కన్నీరు పెట్టుకొనెనట. నీకు పెండ్లి యెట్లగునని వగచెనట. మా అత్తగారి మాటయే కాదా యిది! ఆ బిడ్డ 2011లో చిన్నవయసువారి ప్రపంచపోటీలో స్వర్ణపతకము గెలిచినది. 2017లో భుజము తొలగి, శస్త్రచికిత్సయై, చిరకాలము బరికి దూరమైనది. 2019లో సోఫియా నగరమున స్ట్రాంజా స్వర్ణము గెలిచి మరల లేచినది. 2022లో అచ్చటనే రెండవమారు స్వర్ణము గెలిచినది. ఆ సంవత్సరమే మే మాసమున ఇస్తాంబూలులోను, మరుసటి సంవత్సరము ఢిల్లీలోను ప్రపంచవిజేత యైనది.

ఓటములును కలవు. 2024లో స్ట్రాంజా తుదిపోటీలో ఉజ్బెకిస్థాను యువతి చేతిలో మూడు–రెండు తీర్పున ఓడి రజతముతో తృప్తి నొందవలసి వచ్చినది. ఆ వేసవిలోనే పారిస్ ఒలింపిక్సునందు తన రెండవ పోటీలో చైనా యువతి చేతిలో ఓడినది; అచ్చట ఐదుగురు న్యాయనిర్ణేతలును ఎదుటిదానికే తీర్పిచ్చిరి. తన ఓటమిని లోకమంతయు చూచుచుండగా, మధ్యవర్తి ఎదుటిదాని చేయి పైకెత్తువరకు ప్రక్కనే నిలిచియుండుట ఎంత కష్టము! మన పిల్లలకు ఈ విద్య ఏ పుస్తకము నేర్పును?

2022వ సంవత్సరపు స్ట్రాంజా తుదిపోటీని గూర్చి మరియొక మాట చెప్పవలయును. ఆ పోటీ ఫిబ్రవరి 27వ తేదీన జరిగెను. నిఖత్ కెదురు నిలిచినది ఉక్రెయిను దేశపు టెత్యానా కోబ్. అంతకు మూడు దినముల ముందే, 24వ తేదీన, రష్యా సేనలు ఆమె దేశముపై దండెత్తెను. స్వదేశమున బాంబులు పడుచుండగా ఆమె సోఫియాలో చేతితొడుగులు తొడిగికొని బరి యెక్కినది. నాలుగు–ఒకటి తీర్పున ఓడినది. ఆమె మనసులో నేమున్నదో మే మెరుగము. గాని ఆ దినమున ఆమెకు తగిలిన దెబ్బలన్నియు సరిబరువు గల చేతినుండి, మధ్యవర్తి కన్నుల యెదుట, నియమిత కాలమునందు తగిలినవి. ఆమె యింటిమీద పడుచున్న దెబ్బలకు త్రాసు లేదు, గంట లేదు, ఆగుమని చెప్పువాడు లేడు.

ఇట్టి దెబ్బ యుద్ధభూములయందే యున్నదా, సోదరీమణులారా? కొన్నియేండ్ల క్రిందట మా పొరుగున నొక యిల్లాలు రాత్రి ప్రొద్దుపోయినపిదప పాలకు తోడు కావలెనని గిన్నె పట్టుకొని మా వంటింటికి వచ్చెడిది. చెంప కొంగుతో కప్పుకొనెడిది. మేము తోడు వేసి యిచ్చి, "కాసేపు కూర్చుండుము" అనెడివారము. అంతకుమించి యడుగలేదు, ఆమె చెప్పలేదు. ఎదుటి చేయి ఆమె బరువునకు రెట్టింపు. న్యాయనిర్ణేతలము కావలసినవారము మేము గోడ కివతల మౌనముగా నుంటిమి. మథురాస్త్రీలపాటి నోరును మాకు లేకపోయెను. ఆ వంటింటి రాత్రులు నేటికిని మమ్ము బాధించుచున్నవి.

ఆడుపిల్ల దెబ్బ తినరాదని మనము వగచుట ఎంతవరకు నిజము? బరిలోని దెబ్బకు భయపడి యింటిలోని దెబ్బను సహింపుమని నేర్పుచున్నామా? ముష్టియుద్ధము నేర్చినంతనే ఇంటి కష్టములన్నియు తీరునని మేము చెప్పము. పెనిమిటితో ముష్టియుద్ధము చేయుమనియు చెప్పము. సరిజోడు కాని పోరు అధర్మమని, "ఆగుము" అను మాటకు విలువ యున్నదని చిన్ననాడే ఒంటితో నేర్చిన బిడ్డ, ఆ విలువ లేనిచోట ఊరకుండదని మా నమ్మకము.

ఐనను తల్లులకు దాచరాని మాట యొకటి కలదు. తలకు తగులు దెబ్బ మెదడునకు హానికరము. ఎంత నేర్పుగా నాడినను ఈ యపాయము పూర్తిగా తొలగదు. 1983లో ప్రపంచ వైద్యసంఘము ఈ క్రీడను నిషేధింపవలెనని కోరెను. దీనిని తేలికగా త్రోసివేయుట అవివేకము. గావున మా చిన్నదానికి కొన్ని కట్టడులతో అనుమతి నిచ్చితిమి. ముందుగా వైద్యునిచే పరీక్ష జరుగవలెను. ఇప్పటికి త్రాటియాట, అడుగులు వేయు పద్ధతి, ఇసుకసంచిపై గ్రుద్దుట మాత్రమే. ఎదురుబొదురు పోరు పెద్దయైనపిదప ఆలోచింతము. తలనొప్పి యన్ననాడు దాచక చెప్పవలెను. తనకు చాలుననిపించిననాడు మానుకొనుటకు సిగ్గుపడరాదు.

మా చిన్నది అన్నిటికిని తలయూచి, "చేతికి చుట్టుకొనుటకు పొడవైన పట్టీలు కావలెనమ్మా" అన్నది. మేము బజారునకు పోవలెననుకొనుచుండగనే, మా అత్తగారు పెట్టె తెరచి తమ పాత నేతచీర నొకదానిని తీసి, నిలువుగా చింపి, రెండు పట్టీలు చేసి, అంచులు కుట్టి మరీ యిచ్చిరి. "ముక్కు మాత్రము భద్రము" అనిరి.

ఈ విషయమున మాతో నేకీభవింపని తల్లులు అనేకులుందురు. వారి యభిప్రాయములను నిస్సంకోచముగా వ్రాసి పంపిన, వచ్చు మాసమున వానిని గూర్చి ముచ్చటించుకొందము.