కచేరీలోంచి లేచిపోయే ఆడవాళ్ళు

రసికుడన్న మాట మగవాడికి బిరుదు. "ఆయన గొప్ప రసికుడండీ, మద్రాసు సీజను ఒక్క ఏడాది కూడా తప్పడు" అంటే నలుగురూ గౌరవంగా తలూపుతారు. అదే మాటని స్త్రీలింగంలోకి మార్చి చూడండి. "ఆవిడ గొప్ప రసికురాలు" అనగానే ఎదుటివాళ్ళ పెదవి మీద ఒక వెకిలి నవ్వు మెదుల్తుంది. పాడే ఆడమనిషికి గాయని అన్న మాట ఉంది, విదుషి అన్న మాట ఉంది. పాట వినడం కోసం ఊళ్ళు దాటి వెళ్ళే ఆడమనిషికి మాత్రం మన భాషలో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. భాష ఎవరికి మాటివ్వలేదో వాళ్ళకి సమాజం కుర్చీ కూడా వెయ్యలేదని అర్థం.

నేను అలాంటి మనిషిని. ముప్పై ఏళ్ళకి పైగా కచేరీల కోసం రైళ్ళెక్కుతున్నాను. ఈ ముప్పై ఏళ్ళలో సభల నిర్వాహకుల నోట నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఒకటుంది. "తని ఆవర్తనం మొదలవగానే ఆడవాళ్ళు లేచిపోతారండీ. వాళ్ళకి లయ పట్టదు."

ఈ 'లేచిపోవడం' సంగతేమిటో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. కచేరీ సాయంత్రం ఆరున్నరకి మొదలవుతుందని కార్డు మీద వేస్తారు. దీపం వెలిగించి, పెద్దలు మాట్లాడి, శాలువాలు కప్పేసరికి ఏడవుతుంది. వర్ణం, రెండు మూడు చిన్న కృతులు అయ్యాక ప్రధాన రాగం ఎత్తుకుంటారు. రాగం, కృతి, నెరవు, స్వరకల్పన అన్నీ అయ్యాకే మృదంగానికి తని వస్తుంది. అప్పటికి గడియారంలో ఎనిమిదిన్నర దాటుతుంది. అది ఆఖరి బస్సు వేళ. అత్తగారికి మందులిచ్చే వేళ. "ఇంకా రాలేదేం" అని ఇంట్లో మగవాడి మొహం ముడుచుకునే వేళ. ఆవిడ లేచింది లయ పట్టక కాదు, బస్సు పట్టుకోవాలి గనక. తని వేళకి మగవాళ్ళు కూడా లేస్తారు, కాఫీకి. వాళ్ళకి లయజ్ఞానం లేదని ఎవరూ తీర్మానించరు!

ఈ మాట హాల్లో కూర్చున్నవాళ్ళతోనే ఆగలేదు, వేదిక మీదికీ ఎక్కింది. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి మృదంగ విద్వాంసుడు చాలాకాలం స్త్రీల కచేరీలకి వాయించనే లేదు. ఆయన మొట్టమొదట వాయించిన గాయని డి.కె. పట్టమ్మాళ్. ఆడవాళ్ళ పాటకి వాయించడానికే అంత సంకోచమైతే, ఆడవాళ్ళు మృదంగం పట్టుకోవడం సంగతి చెప్పేదేముంది? అయినా మన తెలుగునేల మీద నిడుమోలు సుమతి మృదంగం పట్టుకుని, జీవితమంతా దానితోనే గడిపారు. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. ఘటం వాయించే సుకన్యా రామ్‌గోపాల్‌కి 2014 సంగీత నాటక అకాడమీ అవార్డు దక్కింది. లయ పట్టదన్న మాటకి వేదిక మీది ఆడవాళ్ళు చేతుల్తో జవాబు చెప్పారు. కింద కూర్చుని వినే ఆడవాళ్ళ జవాబు ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాది నేను చెబుతాను.

మాది నడికుడి. గుంటూరు నుంచి వచ్చే రైలుమార్గం ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి మాచర్లకి, ఒకటి కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండ మీదుగా సికింద్రాబాదుకి. నేను పుట్టేనాటికి మాచర్ల దాకా మీటరుగేజి లైనొక్కటే ఉండేది. నాన్న ఆ లైన్లో బుకింగ్ క్లర్కు. ఊరందరికీ టిక్కెట్లు కొట్టిచ్చిన మనిషి. అమ్మ మాత్రం బెజవాడ రేడియో ముందు బియ్యం ఏరుతూ కూర్చునేది. శ్రీరంగం గోపాలరత్నం గొంతు వినిపిస్తే చేటలో ఆమె చెయ్యి ఆగిపోయేది. రాగం పేరు చెప్పడం వచ్చేది కాదు గానీ, "మొన్న వేరే పాటకి ఇదే నడక వేశారు కదే" అని పట్టేసేది. అంత చెవి ఉన్న మనిషి 1996లో పోయేనాటికి ఒక్క కచేరీ కూడా కళ్ళారా చూడలేదు. గుంటూరు పూట ప్రయాణం కూడా కాదు. నాన్నకి రైల్వే పాసు ఉంది. ఆ పాసు మీద తిరుపతి వెళ్ళాం, కాశీ వెళ్ళాం. కచేరీకి వెళ్ళొచ్చని మాత్రం ఇంట్లో ఎవరికీ తోచలేదు.

1975లో నాకు పెళ్ళయింది. నరసరావుపేటలో కాపురం. ఆయన సంగీతమంటే చెవి కోసుకునేవారు. ఊళ్ళో జరిగే కచేరీలకి పూనుకునేవాళ్ళలో ఒకరు. విద్వాంసులు మా ఇంట్లోనే దిగేవాళ్ళు. సాయంత్రం ఉప్మా, కాఫీ. వెళ్ళేటప్పుడు ఫ్లాస్కులో మిరియాల పాలు. రాత్రి పదకొండింటికి వాళ్ళొచ్చేసరికి వేడి చారు, కందిపచ్చడి, గొంతుకి పడదని నూనె తగ్గించిన కూర. వాళ్ళు తింటూ ఆ రాత్రి కల్యాణి ఎలా పండిందో, పల్లవి ఎక్కడ ఎత్తుకున్నారో చెప్పుకునేవాళ్ళు. నేను వడ్డిస్తూ వినేదాన్ని. పదిహేడేళ్ళపాటు నా ఇంటి మీదుగా వెళ్ళిన కచేరీలన్నీ నేను మాటల్లోనే విన్నాను. ఆ కల్యాణిలో నా చారు ఉంది. నా చెవికి మాత్రం ఆ కల్యాణి లేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. మన ఊళ్ళలో శాస్త్రీయ సంగీతాన్ని నిలబెట్టింది సభలు, దాతలు అని చరిత్ర రాసుకున్నారు. ఆ సభల వెనక ఎన్ని వంటిళ్ళు కాలాయో ఏ సావనీరులోనూ రాయలేదు.

1984లో టీచరుద్యోగం వచ్చింది. 1992లో నా జీతం డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని ఒక్కదాన్నే గుంటూరు వెళ్ళి, కచేరీ మొదటినుంచి మంగళం దాకా కూర్చుని విన్నాను. తని కూడా విన్నాను. ఆయన ఏమీ అనలేదు. మూడు రోజులు మాట్లాడలేదు, అంతే. ఆ తర్వాత అలవాటు పడ్డారు. ఆయన 2004లో పోయారు. మరుసటి ఏడు డిసెంబరులో నేను మద్రాసు బయల్దేరుతుంటే బంధువులావిడ నొచ్చుకుంటూ, "ఇప్పుడు పాటలేమిటమ్మా" అంది. తిరుపతి అని చెప్పి ఉంటే ఆవిడే పులిహోర కట్టి పంపేది! మద్రాసులో రెండు లాడ్జీలవాళ్ళు ఒంటరి ఆడదానికి గది లేదన్నారు. అదే గదిని అదే రోజు ఒంటరి మగవాడికి ఇచ్చారు, నా కళ్ళముందే.

ఇక్కడే ఒక విషయం తేల్చుకోవాలి. మన సమాజం ఆడదానికి ప్రయాణించే వీలు ఇవ్వలేదనడం పూర్తి నిజం కాదు. ఇచ్చింది, భక్తి పేరు మీద. తీర్థయాత్రకి వెళ్ళొచ్చు, భజనకి వెళ్ళొచ్చు, పుష్కరాలకి వెళ్ళొచ్చు. నీకోసం, నీ చెవుల సుఖం కోసం, నీ బుద్ధికి పదును కోసం మాత్రం వెళ్ళకూడదు. అందుకే ఎంతోమంది ఆడవాళ్ళు కచేరీని కూడా దైవకార్యంలా అలంకరించి చెప్పి గడప దాటుతున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ ముసుగు అవసరమైనంత కాలం మన హక్కు మనది కాదు, దేవుడి దగ్గర అరువు తెచ్చుకున్నది.

"మరి నాగరత్నమ్మ?" అని మీరడగొచ్చు. అడగాలి కూడా. ఈ పత్రిక పాఠకులకి బెంగుళూరు నాగరత్నమ్మని (1878–1952) పరిచయం చెయ్యనక్కర్లేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో పరిష్కరించి అచ్చుకిచ్చిన మనిషి. అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి మూడు దశాబ్దాలు దాటింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' ఉపోద్ఘాతం ఈ కథతోనే మొదలవుతుంది. ఆ నాగరత్నమ్మని మనం సొంతం చేసుకున్నాం, మంచిదే. కానీ తీసుకున్నది సగం నాగరత్నమ్మని.

మిగతా సగం చూడండి. ఒక వాగ్గేయకారుడి పాట మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆయన సమాధి శిథిలమైపోయిందని తెలిసి మద్రాసు నుంచి తిరువయ్యూరు వెళ్ళింది. స్థలం సంపాదించింది, తన సంపాదన పోసి గుడి కట్టించింది. 1925లో దానికి కుంభాభిషేకం జరిగింది. చివరికి ఆ ఊళ్ళోనే స్థిరపడి అక్కడే కన్నుమూసింది. అభిమాని అన్న మాటకి ఇంతకంటే నిండైన అర్థం నాకు తెలీదు. అంత చేసిన మనిషికి ఆరాధనలో పాడే వీలు లేదన్నారు. పెరియ కట్చి, చిన్న కట్చి అని మగవాళ్ళు రెండు వర్గాలై కొట్టుకునేవాళ్ళు గానీ, ఆడవాళ్ళని పాడనివ్వకూడదన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. 1927లో ఆవిడ పెణ్‌గళ్ కట్చి అని ఆడవాళ్ళ పక్షం పెట్టి, సమాధి వెనకవైపు ఆడవాళ్ళ చేత పాడించింది. 1940ల మొదట్లో మూడు పక్షాలూ ఒకటయ్యాయి. దేవదాసీలతో సహా స్త్రీలందరికీ అక్కడ సేవ చేసుకునే హక్కు ఉండాలని తన విల్లులో రాయించింది. ఆవిడ భక్తురాలే. అయితే ఆ భక్తిని గడప దాటడానికి సాకుగా వాడుకోలేదు, స్థలం పట్టాగా మార్చింది.

2009లో నేను తిరువయ్యూరు వెళ్ళాను. పంచరత్నాల్లో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగు. వందల గొంతుల్లో ఎన్ని ఆడగొంతులో! త్యాగయ్య సమాధికి ఎదురుగా నాగరత్నమ్మ విగ్రహం ఉంది. చూసేవాళ్ళకి అది వినయంలా కనిపించవచ్చు. నాకు కాపలాలా కనిపించింది.

దళిత, బహుజన మిత్రురాళ్ళు ఇక్కడ న్యాయమైన ప్రశ్న వేస్తారు. "మమ్మల్ని గుమ్మమే ఎక్కనివ్వని సంగీతంలో మీ కుర్చీ కోసం మీరు పోరాడితే మాకేమిటి?" అని. నిజమే. విద్వాంసులు మా ఇంట్లో భోంచేశారంటే అది నా వంట గొప్పా కాదు, మా కులానికి దొరికిన చోటు. దేవదాసీల నోటినుంచి పాట తీసుకుని 'కులస్త్రీ'ల నోటికిచ్చి, ఇచ్చినవాళ్ళనే వేదిక దించేసిన చరిత్ర ఈ సభలది. మా పల్నాటి వీరుల కథనే చూడండి. కారెంపూడి తిరునాళ్ళలో ఐదు రోజులు సాగే ఆ సంప్రదాయాన్ని, దాన్ని పాడే వీరవిద్యావంతుల్ని 'జానపదం' అన్న గదిలో పెట్టి తాళం వేశారు. కాబట్టి నేనడిగేది ఒక్క సభ కుర్చీ గురించి కాదు. ఏ పాటైనా సరే, ఎవరి పాటైనా సరే, వెళ్ళి వినే హక్కు. ఆ వీరగాథలోనూ పల్నాడు తగలబడడానికి కారణం నాయకురాలు నాగమ్మే అంటారు. కత్తులు దూసింది మగవాళ్ళు, నింద మాత్రం మంత్రాంగం నడిపిన ఆడదానికి. ఎదురుగా కూర్చుని వినే ఆడవాళ్ళు కాకపోతే ఈ మాట నిలదీసేదెవరు? వినడమంటే ఒప్పుకోవడం కాదు. విన్నవాళ్ళే కాదనగలరు.

"ఇప్పుడు ఫోన్లోనే అన్నీ వస్తున్నాయి కదా, వెళ్ళడం దేనికి?" అంటారు పిల్లలు. 2020లో కరోనా వచ్చి మద్రాసు సీజను కూడా ఇళ్ళలోకే వచ్చింది. నేనూ చూశాను. ఇంట్లో వినే ఆడదాని చెవుల్లో ఒకటి పాటకి, ఒకటి కుక్కరు కూతకి. అమ్మ రేడియోకి, నా ఫోనుకి తేడా ఏమిటి? పాట ఇంటికొచ్చింది, మేం ఇంట్లోనే ఉండిపోయాం. మూడు గంటలసేపు నన్నెవరూ పిలవని చోట కూర్చోవడం, పక్క కుర్చీలో ముక్కూమొహం తెలియని మరో ఆడమనిషి తొడ మీద తాళం వేస్తుంటే ఇద్దరం ఒకే చోట 'ఆహా' అనడం... అది ఏ ఫోన్లోంచీ రాదు.

2013లో రిటైరయ్యాక నేను నరసరావుపేట ఇల్లు వదిలేసి నడికుడి వచ్చేశాను. కొడుకు దగ్గర ఉండక ఆ పల్లెలో ఏముందని అందరూ అడిగారు. జంక్షన్ ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. పగటి రైలెక్కితే సాయంత్రం కచేరీ వేళకి హైదరాబాదు. ఆడది మొగుణ్ణి బట్టి, కొడుకుని బట్టి ఊరు మారుతుందంటారు. నేను రైళ్ళని బట్టి మారాను.

సభలవాళ్ళని అడిగేవి నాలుగే. కచేరీ ఐదింటికి మొదలుపెట్టండి. శాలువాలు చివర కప్పుకోండి. శుభ్రమైన మరుగుదొడ్డి కట్టండి. కమిటీల్లో ఆడవాళ్ళని వేయండి, ప్రార్థనాగీతం పాడడానికీ హారతి పళ్ళెం పట్టడానికీ కాదు, ఎవర్ని పిలవాలో, ఎన్నింటికి మొదలుపెట్టాలో తేల్చడానికి.

మనల్ని మనం అడగాల్సింది ఇంకొకటుంది. స్త్రీవాద సాహిత్యం వంటింటిని ప్రశ్నించింది, పడకింటిని ప్రశ్నించింది. పాడిన ఆడవాళ్ళ చరిత్ర తవ్వి తీసింది. విన్న ఆడవాళ్ళ చరిత్ర, వినలేకపోయిన ఆడవాళ్ళ చరిత్ర మిగిలే ఉంది. పరిశోధకురాళ్ళు మన అమ్మమ్మల దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం పాడేవారని మాత్రమే అడిగి లేవకండి. ఎవర్ని వినాలనుకున్నారు, ఏ ఊరు వెళ్ళాలనుకున్నారు, ఏ వేళకి ఎవరు వెనక్కి పిలిచారు, ఇవి కూడా అడిగి రాసుకోండి. జవాబు చెప్పగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.