గాలము మొదలు, చక్రము తుద

సముద్రతీరమందలి మన విద్యార్థులలో సెలవు దినములయందు గాలము వేయు వేడుక హెచ్చుచున్నది. ఇది మంచి వేడుకయే యని మా తలంపు. ఓర్పును, చూపును, గాలిని నీటిని గమనించు నలవాటును ఒక్కసారిగ నేర్పు వినోదములు పెక్కు లేవు. కాని యీ వేడుకకు వలయు సామగ్రిని కొను పద్ధతి మాత్రము మాకు నచ్చకున్నది. బాలుడు తండ్రిని వెంటబెట్టుకొని అంగడికి పోవును. అచట అద్దపు బీరువాలో మెఱయుచున్న రీలు, అనగా దారము చుట్టు చక్రము, మొదట వాని కంటబడును. దానికి తగినదని వర్తకుడు చెప్పిన కఱ్ఱను పిమ్మట కొనును. సొమ్ము చాలవఱకు వ్యయమైన తరువాత దారమును, కట్టకడపట మిగిలిన చిల్లరతో సీసపు గుండ్లను, గాలములను తెచ్చుకొనును. చేప నోటికి తగులునది ఆ కడపటి వస్తువే యని యెవరును తలంపరు.

ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని మా యభిప్రాయము. గాలము మొదటిది, గుండు రెండవది, దారము మూడవది, కఱ్ఱ నాలుగవది, చక్రము కడపటిది. ఇట్లు కొన్నచో సొమ్ము తగ్గును, చేప దొరకును, ప్రమాదము తప్పును.

గాలము మనకు క్రొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను పేర నీ వేడుకకే ఒక ప్రకరణము కలదు. చేపల జాతులును, వానికి వేయదగిన యెఱలును అందు చెప్పబడినవి. క్రొత్తగ వచ్చినవి ముఖ్యముగ రెండే. మొదటిది, కండె తిరుగక నిలిచియుండగా దారము దానిపై చుట్టుకొను చక్రము. దీనికి 1905లో ఇంగ్లండునందు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అను నతడు పేటెంటు పొందెను. రెండవది నైలాను. దీనిని అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందమువారు 1935లో సృష్టింపగా 1938లో అది లోకమునకు ప్రకటింపబడెను. ఇప్పటికిని మన జాలరులలో అనేకులు కఱ్ఱయు చక్రమును లేకయే, చెక్కముక్కకు చుట్టిన తంగూసుతోను, గుండుతోను, గాలముతోను చేపలను పట్టుచున్నారు. చక్రము లేకయు చేప దొరకును. గాలము లేనిదే దొరకదు. మా వరుసకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఐతే ఏ గాలము, ఎంత గుండు అను ప్రశ్నకు అంగడి జవాబు చెప్పజాలదు, నీరే చెప్పవలెను. భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రమును కలియుచున్నది. ఒక ప్రక్క కెరటములు విఱుగు ఇసుకతీరము. కొలదిదూరము నడచినచో ఏటి మొగ. ఒకే దినమున ఒకే బాలుడు రెండు చోట్లను గాలము వేయవచ్చును గాని, ఒకే సామగ్రి రెంటికిని చక్కగ పనికిరాదు.

కెరటపు తీరమున అడుగునేల సమముగ నుండదు. కొంత దూరమున నొక యిసుకతిన్నెయు, దానికిని ఒడ్డునకును నడుమ నొక లోతైన కాలువయు ఏర్పడుచుండును. అల తిన్నెపై విఱిగి తెల్లబాఱి, కాలువపైకి వచ్చుసరికి అణగిపోవును. అట్లు అణగినచోటనే అలలు త్రవ్విన పీతపిల్లలును, పురుగులును చేరును. వానికై చేపలును వచ్చును. ఆ కాలువ యొక్కొక్కచోట ఒడ్డునకు మిక్కిలి దగ్గఱగనే యుండును. కావున నెంత దూరము విసరితిమన్నది గొప్ప కాదు. ఎచట పడినదన్నది గొప్ప.

మొగయందలి తీరు వేఱు. అచట నీరు దినమునకు రెండు మాఱులు పోటుతో లోనికి వచ్చి, రెండు మాఱులు పాటుతో వెలుపలికి పోవును. పోటువేళ మఱునాటికి సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకును పౌర్ణమికిని ప్రవాహము బలియును. అష్టమి ప్రాంతమున సడలును. పోటుతో చేపలు లోనికి వచ్చును. పాటు తీయునపుడు ఉప్పుటేళ్ల నుండియు మడచెట్ల మొదళ్లనుండియు కొట్టుకొనివచ్చు రొయ్యలకై మలుపులయందు పొంచియుండును. కోరంగి మడ అడవులప్రక్క నివసించు బాలురకు ఇది మేము చెప్పనక్కఱలేదు.

ఇక గాలము. దాని సంఖ్యలు క్రొత్తవారిని చీకాకుపఱచును. 1, 2, 4, 6 అని సంఖ్య పెరిగినకొలది గాలము చిన్నదగును. సంఖ్యప్రక్క సున్న చేరి 1/0, 2/0, 4/0 అని యున్నచో సంఖ్యతోపాటు గాలమును పెద్దదగును. కత్తిపరిగె నోరు చిన్నది. దానికి 8 లేక 10వ సంఖ్య చాలును. గొరకకును చిన్న జెల్లకును 2 మొదలు 1/0 వఱకు సరిపోవును. మాగకును పండుగప్పకును 3/0 మొదలు 5/0 వఱకు వలయును. చిన్న గాలమునకు పెద్దచేప చిక్కుట కలదు గాని, పెద్ద గాలము చిన్న చేప నోటబట్టదు. కావున సందేహము కలిగినపుడు చిన్నదానినే కొనవలెను. మొన లోపలికి వంగి వలయాకారముగ నుండు గాలమును మేము ప్రత్యేకముగ మెచ్చుకొందుము. చేప యెఱను తీసికొని మరలినపుడు అది నోటి మూలనే పట్టుకొనును. కడుపులోనికి పోవుట యరుదు. దానితో కఱ్ఱను ఝాడించి లాగరాదు. దారము తానుగ బిగియువఱకు ఓపికపట్టి మెల్లగ చుట్టవలెను. అట్లు పట్టిన చేపను నీట విడిచినను బ్రదుకును.

గుండు విషయమున సూత్రమొక్కటే: అడుగున నిలుచునంత బరువు చాలును, అంతకు మించి వలదు. కెరటములలో గుండ్రని గుండు దొరలి దారమును చిక్కులుపెట్టును. అచట గోపురాకారమున పలకలుగల గుండు ఇసుకలో దిగబడి నిలుచును. 80 మొదలు 120 గ్రాములు తఱుచుగ చాలును. మొగయందు నడుమ రంధ్రముగల గుండు మేలు. దారము దానిలో జాఱుచుండుటచే చేపకు బరువు తెలియదు. 10 మొదలు 40 గ్రాముల వఱకు ప్రవాహమునుబట్టి మార్చుకొనవలెను. సీసము విషమని మఱువరాదు. హంసలు సీసపు గుండ్లను మ్రింగి చచ్చుచుండుటచే ఇంగ్లండులో 1987లో చిన్న సీసపు గుండ్ల విక్రయమును నిషేధించిరి. మన బాలురు చిన్నగుండ్లను పంటితో కొఱికి దారమునకు నొక్కుచుందురు. ఈ యలవాటును నేడే మానవలెను.

దారము కొనునపుడు దళసరిని చూడుడు. మందము రెండింతలైన బలము రెండింతలు కాదు, ఇంచుమించు నాలుగింతలగును. మొగకు 0.25 లేక 0.30 మిల్లీమీటర్ల నైలాను, కెరటపు తీరమునకు 0.35 చాలును. సన్నని పోగుల నల్లిన క్రొత్త దారము బలమైనదే. కాని సాగదు, వ్రేళ్లను కోయును, రాతికిని ఆలుచిప్పలకును ఒఱసినపుడు త్వరగ తెగును. నేర్చుకొనువారికి నైలానే తగినది. ఐతే అది యెండకు బలహీనపడును గనుక ఏటేట మార్చవలెను.

ఇచట తలిదండ్రులు ప్రత్యేకముగ గమనింపవలసిన మాట యొకటి కలదు. 100 గ్రాముల గుండును బలముగ విసరునపుడు సన్నని దారము తెగినచో ఆ గుండు తుపాకిగుండువలె పోవును. తీరమున తోడి బాలురుందురు, వల లాగువారుందురు. దీనికై దారపు కొనకు దళసరి తలదారమును ముడివేయవలెను. గుండు బరువులో ప్రతి 28 గ్రాములకు 4.5 కిలోల బలము ఉండవలెనని అనుభవజ్ఞుల సూత్రము. అనగా 112 గ్రాముల గుండునకు 18 కిలోల తలదారము. దాని పొడవు కఱ్ఱకు రెండింతలుండి, చక్రముపై కొన్ని చుట్లు పడవలెను. ఖరీదైన చక్రము ఈ ప్రమాదమును తప్పింపదు. స్వల్పమైన వెలకు దొరకు తలదారము తప్పించును. పండుగప్ప చెక్కిళ్ల అంచులు కత్తివలె నుండుటచే దానికిని ఇట్టి తలదారమే వలయును.

కఱ్ఱ పొడవైనకొలది దారమును విఱుగు నలలకు పైన నిలుపును. అందుచే కెరటపు తీరమున 11 మొదలు 13 అడుగుల కఱ్ఱను వాడుదురు. కాని పండ్రెండేండ్ల బాలుని చేత 13 అడుగుల కఱ్ఱ యజమానియగును, బాలుడు సేవకుడగును. మొగకు 7, 8 అడుగుల కఱ్ఱ చాలును. మంచి వెదురైనను పనిచేయును. కఱ్ఱపై ఎంత గుండు విసరవచ్చునో వ్రాసియుండును. ముందుగ ఎన్నుకొన్న గుండు ఆ హద్దులో నున్నదా యని చూచుటయే పరీక్ష. మొదట మొగకు తగిన సామగ్రినే కొనవలెననియు, కెరటపు తీరమును చేతులు ముదిరిన తరువాత చూచుకొనవచ్చుననియు మా సలహా.

చక్రమును గూర్చి కొలదిగ చెప్పుదుము. దానిలో ఎన్ని బేరింగులున్నవని లెక్కించి గొప్పచెప్పుకొనుట వర్తకుల పద్ధతి. దానికి 200 మీటర్ల దారము పట్టవలెను. చేప లాగినపుడు దారమును సమముగ వదలవలెను. ఆ బిగువును దారపు బలములో మూడవవంతునకు మించకుండ అమర్చవలెను. ఉప్పునీరు తగిలిన ప్రతిసారియు మంచినీట కడిగి ఆఱబెట్టవలెను. ఈ శ్రద్ధ యున్నచో సామాన్యమైన చక్రము చాలకాలము మన్నును. లేనిచో మేటి చక్రమును త్రుప్పుపట్టును.

చౌకవస్తువును కొన్నవాడు రెండుసార్లు కొనునని పెద్దలు మాతో వాదింపవచ్చును. ఆ మాట సత్యమే. గాలముల విషయమునను తలదారము విషయమునను మేమును అదే చెప్పుచున్నాము. చక్రముపై మిగిలిన సొమ్మును వానిపై వెచ్చింపుడు. చేపనోటి గాలమును ఊడదీయుటకు ఒక పట్టకారును కొనుడు. సముద్రపు జెల్ల ముండ్లయందు విషము కలదు గనుక ఇది అలంకారము కాదు, అవసరము.

తగిన సామగ్రి వలన లాభము పట్టువానికే కాదు. తెగిన నైలాను ఎంతో కాలము నీట నశింపక నిలుచును. జనవరి మొదలు మార్చి వఱకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై మన తీరమునకు వచ్చును. ఇట్టి దారము వాని కాళ్లకు ఉరియగును. పండుగప్పలు తొలుత మగవై పుట్టి, కొన్నియేండ్లు పెరిగినపిమ్మట ఆడవియగును. కాబట్టి మిక్కిలి పెద్ద పండుగప్ప తఱుచుగ తల్లిచేపయే. దానిని కాపాడి విడిచిపెట్టుటకు వీలిచ్చునది వలయాకారపు గాలము, తెగని తలదారము. చిన్న వస్తువుల నెన్నుకొనుటలోనే దయయు నిర్దయయు ఇమిడియున్నవి.

కావున విద్యార్థులారా, అంగడికి పోకముందు ఒక సాయంకాలము వట్టిచేతులతో తీరమునకు పొండు. అల యెచట విఱుగుచున్నదో, నీరు ఎటు లాగుచున్నదో చూడుడు. వెనుకకు బలముగ లాగు నీటిచాలు కనబడినచో అచట దిగకుడు. వల బాగుచేసికొనుచున్న జాలరిని "మామా" యని మర్యాదగ పలుకరించి, ఇచట ఏ చేప, ఏ యెఱ, ఏ గాలము అని యడుగుడు. ఆయన చెప్పిన గాలమును ఒక కాగితముపై గీసికొని, ఆ కాగితముతో అంగడికి పొండు. అద్దపు బీరువావైపు కడపట చూడుడు.