చేపపిల్ల తొలి ముద్ద కూడా దిగుమతేనా?

విశాఖ అంటే ఓడరేవు, విశాఖ అంటే ఉక్కు. ఆ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ఇక్కడ పెద్ద సంగతులు మాట్లాడితేనే పెద్దలు వింటారు. మేం మాత్రం ఈ వారం కంటికి ఆనని ఒక జీవి గురించి మాట్లాడదలిచాం. దాని పేరు రోటిఫర్. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు.

ఎందుకీ గోల అంటారా? గుడ్డు నుంచి బయటపడ్డ సముద్రపు చేపపిల్లకు ఒంట్లోని సొన రెండు మూడు రోజులే సరిపోతుంది. తర్వాత దాని చిన్న నోట్లో పట్టే, కళ్లముందు కదిలే తిండి దొరక్కపోతే చస్తుంది. పొడి దాణా చల్లితే అడుగుకు చేరి నీళ్లు పాడుచేస్తుంది. అందుకే ముందు సూక్ష్మ నాచు పెంచాలి. ఆ నాచు మేపి రోటిఫర్లను పెంచాలి. పిల్ల ఎదిగాక ఆర్టీమియా వేయాలి. ఈ గొలుసు ఒక్కచోట తెగితే హేచరీలో పిల్లలన్నీ పోయినట్టే.

ఈ విద్య విశాఖకు కొత్త కాదు. దేశంలో సముద్రంలో పంజరం దింపి చేపలు పెంచే ప్రయత్నం 2007లో మొదలైంది ఈ తీరంలోనే. గ్రూపర్, ఇండియన్ పాంపనో చేపలతో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసింది ఇక్కడి సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రమే. విద్య మన దగ్గరుంది. మరి తిండి?

ఆర్టీమియా గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీటిలో వేస్తే ఒక రోజులో పిల్లలవుతాయి. ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం విదేశాలవే. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వాటికి పేరుమోసిన చోటు. దేశంలో రొయ్యల సాగులో ముందున్న మన తీరంలో రొయ్య హేచరీలకూ అదే దిక్కు!

వియత్నాంలో విన్‌చౌ ఉప్పు రైతులు తమ మడుల్లోనే ఆర్టీమియా పెంచి గుడ్లు తీస్తున్నారు. మన శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులు లేవా? వానలొస్తే ఉప్పు పలచబడుతుందంటారు. నిజమే. వాళ్లూ ఎండాకాలంలోనే పెంచుతారు.

మేం దానం అడగడం లేదు. నౌపడ మడుల్లో ఒక్క సీజన్ ప్రయోగం చేయండి. జువాలజీ డిగ్రీ పట్టుకుని తిరుగుతున్న మన పిల్లలకూ, మత్స్యకార వాడల్లోని ఆడబిడ్డలకూ నాచు, రోటిఫర్ పెంపకం నేర్పండి. తల్లి విత్తనం ఇచ్చి, కొనే హేచరీలతో కలపండి. దీనికి కావలసింది తొట్లు, గాలి పంపులు, మైక్రోస్కోపు, రాత్రీ పగలూ కనిపెట్టి ఉండే మనుషులు. ఆ మనుషులు మా దగ్గరున్నారు.

సముద్రం మనది, ఉప్పు మనది, చెమట మనది. చేపపిల్ల నోట్లో పెట్టే తొలి ముద్ద మాత్రం పరాయిది. ఇదెక్కడి న్యాయం?