గది చిన్నది, స్టేషన్ పెద్దది

సూరత్‌లోని ఆల్థాన్ వంటి అపార్ట్‌మెంట్ల పేటలో నమూనా రైలుకు అసలు శత్రువు గోడే. 1:87 నిష్పత్తిలో మన ఐసీఎఫ్ పెట్టె ఒక్కొక్కటీ 25 సెంటీమీటర్ల పైనే. ఇంజన్, నాలుగు పెట్టెలు కలిస్తే మీటరుంపావు. అలాంటి ఐదు రైళ్లను పక్కపక్కనే నిలపాలంటే, లైన్లు చీల్చే పాయింట్లకే మరో మీటరు దాకా పోతుంది.

దీనికి విరుగుడు జరిగే బల్ల. ఐదు లైన్లు పరచిన ప్లైవుడ్ పలకను సొరుగు చానళ్ల మీద అడ్డంగా జరిపితే, కావలసిన లైను ప్రధాన మార్గానికి ఎదురుగా వస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లోని ట్రావర్సర్ సూత్రమే ఇది. కీలకమంతా ఇత్తడి గడియల్లో ఉంది. పట్టాలను సూటిగా నిలిపేవీ అవే, 12 వోల్టుల కరెంటు అందించేవీ అవే. గడియ పడని లైనులో రైలు కదలదు, కాబట్టి నేల మీద పడదు.

పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. బల్ల ఒక్క మిల్లీమీటరు అటూఇటూ అయినా పెట్టె పట్టాలు తప్పుతుంది. పొదుపు పలక మీద చేయొచ్చు, చానళ్ల మీద మాత్రం కాదు.