నీలమా... గంధమా?

బామ్మ గదికి రంగు వేయించాలి. కొడుకు లేత నీలం అంటాడు. కోడలు గంధం రంగు అంటుంది. షేడ్‌కార్డు నాలుగు రోజులుగా చేతులు మారుతూనే ఉంటుంది. 'ఏదో ఒకటి తేల్చండమ్మా' అని పెయింటరు తొందరపెడతాడు. ఈ సందట్లో ఎవరూ అడగనిది బామ్మనే!

నిజానికి అడగాల్సింది ఆమెనే. వయసు పైబడేకొద్దీ కంట్లోని కటకం పసుపుబారుతుంది. అది ఎక్కువగా అడ్డుకునేది నీలి వెలుగునే. మీకు ఆకాశంలా కనిపించే లేత నీలం ఆమెకు మాసిన బూడిద రంగులా అనిపించవచ్చు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నీలం రంగులు కొత్తగా మెరుస్తున్నాయని చాలామంది ఆశ్చర్యపోయేది అందుకే. గంధం రంగుతో ఈ పేచీ తక్కువ.

అలాగని గంధానికే ఓటు వేసేయకండి. పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం ఎండ పడితే అది నారింజలోకి తిరుగుతుంది. మే నెలలో ఆ గోడల్ని చూస్తేనే ఉక్కపోసినట్లుంటుంది. అక్కడ నీలమే హాయి. అదే నీలం ఉత్తరపు కిటికీ గదిలో వెలవెలబోతుంది.

వేలెడు షేడ్‌కార్డు ముక్కతో ఇదంతా తేలదు. రెండు పెద్ద తెల్ల అట్టలకు చెరో రంగు రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక గోడకు ఆనించండి. పొద్దున, మధ్యాహ్నం, లైటు వేశాక చూడండి. పసుపు ఛాయ బల్బు కింద నీలం కాస్త పచ్చగా మారుతుంది. మీరు నిలబడి చూడటం కాదు, బామ్మను మంచం మీద కూర్చోబెట్టి చూపించండి.

అసలు చిక్కు రాత్రిపూట. లేత గోడ, లేత తలుపు, తెల్ల స్విచ్‌బోర్డు... అన్నీ కలిసిపోతే ముసలి కళ్లకు ఏదీ ఆనదు. గోడలు తడుముకుంటూ నడవాల్సిందే. కొన్ని కంపెనీల షేడ్ పుస్తకాల్లో ప్రతి రంగు పక్కనా 'ఎల్.ఆర్.వి.' అని ఒక అంకె ఉంటుంది. నలుపుకి 0, తెలుపుకి 100. గోడకూ తలుపుకూ మధ్య ఈ అంకెల్లో 30 తేడా ఉండాలన్నది బ్రిటన్ భవన మార్గదర్శకాల లెక్క.

మమ్మల్నడిగితే మూడు గోడలకు గంధం వేయించి, బాత్‌రూమ్ తలుపున్న గోడ ఒక్కదానికీ ముదురు నీలం వేయించమంటాం. తలుపు మాత్రం తెల్లగానే ఉంచండి. ఆ నీలం ఆమెకు బూడిదగా కనిపించినా ఫరవాలేదు, బెడ్‌లైటు వెలుగులోనూ తలుపెక్కడుందో తెలుస్తుంది.