డిఫెండర్ కదిలితే తప్పా?

సంపాదకులకు,

మొన్న ఆదివారం జిల్లా పేజీలో ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ వార్తకు మీరు పెట్టిన శీర్షిక ‘రిఫరీ విజిల్‌కు తిరుపతి జట్టు బలి’. బలట! ఆఖరి నిమిషంలో మనవాడికి చార్జింగ్ ఇచ్చారనీ, డిఫెండర్ ‘కదులుతూనే ఉన్నాడు కాబట్టి’ అది బ్లాకింగేననీ మీ విలేకరి తీర్పు చెప్పేశారు. ఆ మ్యాచ్‌కు రిఫరీని నేను కాదు. అయినా ఒళ్లు మండింది.

డిఫెండర్ కదలకూడదని ఎక్కడుందండీ? అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) రూల్ బుక్కులో 33వ నిబంధన తీసి చూడండి. ఎదుటివాడికి ముఖం పెట్టి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి ఒకసారి స్థానం పట్టుకున్నాక పక్కకు జరగొచ్చు, వెనక్కు పోవచ్చు, నిట్టనిలువుగా ఎగరొచ్చు. అప్పుడొచ్చి వాడి రొమ్మును గుద్దితే అది చార్జింగ్, తప్పు గుద్దినవాడిదే. బంతి ఉన్నవాడు గాల్లోకి లేచాక కిందికి దూరితే మాత్రం అది బ్లాకింగ్, తప్పు డిఫెండర్‌దే. ఏది ముందు, ఏది వెనక అన్నది రెప్పపాటులో తేల్చాలి.

చిత్తూరులో ఒక కాలేజీ కోర్టులో ఇట్లాంటి చార్జింగే ఇచ్చినందుకు ఒక ఆటగాడి తండ్రి నేరుగా నా మీదికొచ్చాడు. “ఏం సామీ, కండ్లు యాడ పెట్టుకోనుండావు?” అంటూ విజిల్ తాడు పట్టి లాగాడు. నిర్వాహకులు ఆయనకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. ఎండలో నిలబడ్డ నన్ను మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపాన పోలేదు. బస్సు చార్జీలు ఈరోజుకీ అందలేదు. మర్నాడు ఒక పేపర్లో నేను ‘వివాదాస్పద రిఫరీ’! వివాదం చేసినాయన ఊసే లేదు.

అన్నట్టు, బుట్ట కింద 1.25 మీటర్ల అర్ధవృత్తం ఒకటుండాలి. దాని లోపల నిలబడ్డ డిఫెండర్‌ను గాల్లోకి లేచినవాడు గుద్దినా చార్జింగ్ కాదు. 2010లో వచ్చిన గీత అది. నేను ఆడించిన సిమెంటు కోర్టుల్లో చాలాచోట్ల అది కనబడలేదు. మూడు పాయింట్ల గీత కూడా 6.75 మీటర్లకు జరగక, పాత 6.25 దగ్గరే ఉంటుంది. లేని గీతను ఊహించుకుని మేం తీర్పు చెప్పాలి. దీని మీద ఒక్క వార్త రాయండి చూద్దాం! ఐపీఎల్‌కైతే పేజీలకు పేజీలు దొరుకుతాయి.

రిఫరీని తప్పు పట్టొద్దని అనను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో ఆఖరి 3 సెకన్లు తిరిగి ఆడించాక అమెరికా 51-50తో సోవియట్ జట్టు చేతిలో ఓడింది. వెండి పతకాలు వద్దని ఆటగాళ్లు వెళ్లిపోయారు. అది తగవంటే. డిఫెండర్ ముందే నిలబడ్డాడా లేదా అని మీరూ తగవు పెట్టుకోండి, కాదనను. లేని రూలు మాత్రం పుట్టించకండి.

సవరణ వేసేటప్పుడు ఆ వార్త పక్కన మీరే వేసిన ఫోటో మళ్లీ వేయండి. అందులో డిఫెండర్ రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. బంతి పట్టుకున్నవాడు ఇంకా లేవనేలేదు.

— ఒక రిటైర్డ్ పీడీ, తిరుపతి