పది డాలర్ల పౌరులం

2004 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ నగరం పార్కింగ్ పన్నును 31 శాతం నుంచి ఒక్కసారిగా 50 శాతానికి పెంచింది. ఆ ఆదివారం పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి కింది అంతస్తులో పులిహోర తింటూ మేము మాట్లాడుకున్నది ఆ ఒక్క విషయమే. "పది డాలర్ల అద్దెకు అయిదు డాలర్ల పన్నా? పట్టపగలు దోపిడీ కాదూ!" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఆ తలలూపిన వాళ్ళలో ఒక్కడికీ నగరంలో ఇల్లు లేదు. నాకూ లేదు.

మేమంతా మన్రోవిల్లోనో, క్రాన్‌బెర్రీలోనో, మంచి బడులున్న మరో శివారులోనో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళం. పొద్దున్నే డౌన్‌టౌన్‌కు వెళ్ళి, సాయంత్రం అయిదున్నరకల్లా సొరంగాలు దాటి ఇంటికొచ్చేవాళ్ళం. ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు చెప్పిన మొదటి చిట్కా నాకింకా గుర్తుంది. నగరంలో ఉంటే జీతంలో 3 శాతం స్థానిక పన్నుకు పోతుంది, గీత దాటి ఇవతల ఉంటే 1 శాతంతో సరి. ఫిలడెల్ఫియాలో అయితే బయటినుంచి వచ్చి పనిచేసేవాళ్ళ జీతం మీదా నగరం పన్ను వేసుకోవచ్చు. పిట్స్‌బర్గ్‌కు ఆ వీలు లేదు. మా చేత అది కట్టించుకోగలిగిందల్లా ఏడాదికి 10 డాలర్ల ఉద్యోగ పన్ను. నెలకు డాలరు కూడా కాదు! మేము నడిచిన రోడ్డు, మంచు పడితే చల్లిన ఉప్పు, లిఫ్టులో ఇరుక్కుంటే పరుగున వచ్చే ఫైరింజను, అన్నీ ఆ పదిలోనే.

ఆ నగరం అప్పటికే దివాళా అంచున ఉంది. 1950లో 6,76,806 మంది ఉన్న ఊరు 2000 నాటికి 3,34,563కు పడిపోయింది. ఉక్కు పోయింది, జనం పోయారు. వంతెనలూ, పైపులూ, పెన్షన్లూ మాత్రం ఆరున్నర లక్షల మందికి లెక్కగట్టినవి అలాగే మిగిలాయి. ఉద్యోగాలిచ్చే పెద్ద ఆస్పత్రులూ యూనివర్సిటీలూ లాభాపేక్ష లేని సంస్థలు కాబట్టి వాటి భవనాల మీద ఆస్తిపన్ను లేదు. మా గుడి బృందంలో సగం మందికి జీతాలు అక్కడినుంచే వచ్చేవి. 2003 ఆగస్టులో మేయర్ టామ్ మర్ఫీ 446 మంది ఉద్యోగులను తీసేశారు. ఈతకొలనులు, పిల్లల ఆటకేంద్రాలు మూతపడ్డాయి. ఆ డిసెంబరులో రాష్ట్రం నగరాన్ని ఆర్థికంగా కుదేలైనదిగా ప్రకటించింది. మా పిల్లలు మాత్రం శివారులో ఈత నేర్చుకుంటూనే ఉన్నారు. పేపర్లో ఆ వార్త చూసి "అయ్యో" అని పేజీ తిప్పిన గుర్తు కూడా నాకు లేదు. అన్నానేమో అని ఇప్పుడు అనుకోవాలనుంది, అంతే.

మరి నగరానికి మేము ఎక్కడ దొరుకుతాం? జీతం దగ్గర దొరకం, ఇంటి దగ్గర దొరకం. కారు ఆపినచోట తప్ప ఇంకెక్కడా దొరకం. అందుకే అక్కడ పట్టుకుంది. మేము అక్కడినుంచీ జారుకునే దారులు వెతికాం.

నది అవతల నార్త్ షోర్‌లో పార్కింగ్ చవక అని ఎవడో కనిపెట్టాడు. జనవరి చలిలో, పెరుగన్నం డబ్బా చంకలో పెట్టుకుని, క్లెమెంటే వంతెన మీద చెవులు తెగిపోయే గాలిలో నడిచి వెళ్ళడం మాకదో ఘనకార్యం. మిగిలింది మూడు డాలర్లు. ఇంకొకాయన పార్కింగ్ ఖర్చును పన్ను పడకముందే జీతంలోంచి మినహాయించుకోవచ్చని ఫారాలు తెచ్చిచ్చాడు. అందరం నింపాం. పార్కింగ్ లాట్ దగ్గర చిన్న గదిలో కూర్చుని చీటీలిచ్చే పెద్దాయన ఓ రోజు నవ్వుతూ అడిగాడు: "మీకు కంపెనీ ఇస్తుందిగా, ఇంకెందుకు బాధ?" ఆయనకు అలాంటి ఫారం ఎవరూ ఇవ్వలేదు. ఆయన పొద్దున నాలుగున్నర బస్సెక్కి వస్తాడట.

నేను ఇంకా సిగ్గుపడేది మరొకదానికి. ఆ పన్ను గురించి వాదన వచ్చినప్పుడల్లా "పాపం, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, రాత్రి షిఫ్టు నర్సులు ఎలా కడతారు?" అనేవాళ్ళం. ఆ మాట అబద్ధం కాదు. బస్సు దొరకని వేళల్లో పనిచేసేవాళ్ళకు ఆ పన్ను నిజంగానే దెబ్బ. కానీ వాళ్ళ పేరు మేము వాడుకున్నది మా జేబు కప్పుకోవడానికే. వాళ్ళ కోసం బస్సులు పెంచమని ఒక్క సభలోనూ అడగలేదు. జీతాన్ని బట్టి న్యాయంగా మాకే పన్ను వెయ్యమని ఒక్క శాసనసభ్యుడికీ ఉత్తరం రాయలేదు. 2005లో ఆ పది డాలర్లు 52 అయినప్పుడు మాత్రం కలిసికట్టుగా తిట్టుకున్నాం.

2010లో మరీ పెద్ద పాఠం. పోలీసుల, ఫైర్‌మెన్ల పెన్షన్ నిధి అడుగంటింది. గ్యారేజీలనూ మీటర్లనూ యాభై ఏళ్ళకు ప్రైవేటుకు లీజుకిచ్చి 452 మిలియన్ డాలర్లు తెద్దామని మేయర్ ల్యూక్ రావెన్‌స్టాల్ ప్రతిపాదించారు. "ఇచ్చేస్తే పీడా పోతుంది" అన్నాం సాఫ్ట్‌వేర్ బుర్రలతో. అప్పటికే షికాగో తన 36,000 మీటర్లను 75 ఏళ్ళకు 1.15 బిలియన్లకు రాసిచ్చి లబోదిబోమంటోంది. అది చదివేంత ఓపిక మాకెక్కడిది! కౌన్సిల్ చదివింది, లీజు వద్దంది. రాబోయే దశాబ్దాల పార్కింగ్ పన్నులో పెద్ద భాగాన్ని ఆ పెన్షన్లకే ముడిపెట్టింది. అంటే నేను వంతెన దాటి మిగుల్చుకున్న మూడు డాలర్లు ఏ ముసలి ఫైర్‌మన్ పెన్షన్‌లోవో. పన్ను అప్పటికే 37.5 శాతానికి దిగింది. 2018లో నగరం ఆ కుదేలు జాబితా నుంచి బయటపడింది. అందులో మా చెయ్యి లేదు.

మావాడు ఇప్పుడు నగరంలోనే, లారెన్స్‌విల్‌లో అద్దెకుంటున్నాడు, 3 శాతం కడుతూ. "మీరు ఎంత కట్టేవాళ్ళు నాన్నా?" అని ఓసారి అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

మొన్న చలికాలం వాడిని చూడ్డానికి వెళ్ళాం. మోకాలు లోతు మంచు. వీధి పొడుగునా ఎక్కడా ఖాళీ లేదు, ఒక్కచోట తప్ప. అక్కడ శుభ్రంగా తవ్విన చోటులో పాత ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఆ ఊళ్ళో అది ఆనవాయితీ. మంచు ఎత్తిపోసినవాళ్ళు కుర్చీ వేస్తే, మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టే. ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో పనిచేసినవాణ్ణి, నాకు తెలియంది కాదు. చలి, నడుం నొప్పి, వెనక సీట్లో మా ఆవిడ విసుగు. దిగి, కుర్చీని పేవ్‌మెంటు మీదికి జరిపి, కారు పెట్టేశాను.

మావాడు చెప్పుల్లోనే పరుగెత్తుకొచ్చాడు. "తియ్యండి నాన్నా, పక్కింటి మామ్మగారు పొద్దుటినుంచీ తవ్వారు."